కళాశాలకూ ఒక పరీక్ష

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు మన పెద్దలు. ఆ రెండు పనుల వెనుక ఉన్న శ్రమ, వ్యయం, బాధ్యత నేడు పిల్లలను పై చదువులకు పంపడంలోనూ ఉన్నాయి. ఇంటికి పునాది తీసే ముందు నేల గట్టిదనాన్ని చూస్తారు. సంబంధం కలుపుకొనే ముందు నలుగురినీ విచారిస్తారు. మూడు నాలుగేళ్ళ కాలాన్నీ, కుటుంబం కూడబెట్టిన ధనాన్నీ అప్పగించే కళాశాల విషయంలో మాత్రం రంగుల ప్రకటననో, స్నేహితుని మాటనో నమ్మి అడుగు వేసేవారు అనేకులు. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

'పరి', 'ఈక్ష' అనే రెండింటి కలయిక వల్ల 'పరీక్ష' అనే పదం ఏర్పడింది. అన్నివైపుల నుండి చూడటమని దాని అర్థం. విద్యార్థులు ఇంటర్మీడియట్ ముగిసేలోగా ఎన్నో పరీక్షలు రాస్తారు. కళాశాలను ఎన్నుకొనే వేళ మాత్రం పరీక్షించవలసినవారు వారే.

ఈ పరీక్షలో మొదటి ప్రశ్న గుర్తింపు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 1956 నాటి చట్టం ప్రకారం, చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే పట్టాలు ప్రదానం చేయాలి. ఆ అర్హత లేని నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. ప్రకటిస్తూ ఉంటుంది. ఇంజనీరింగు వంటి సాంకేతిక విద్యను 1987 నాటి చట్టం ద్వారా అఖిల భారత సాంకేతిక విద్యామండలి పర్యవేక్షిస్తున్నది. 2024-25 విద్యాసంవత్సరం నుండి బి.బి.ఎ., బి.సి.ఎ. కోర్సులు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమైనదో, కోరుకొన్న కోర్సుకు ఆమోదం ఉన్నదో లేదో ముందుగా తెలుసుకోవాలి. స్వయంప్రతిపత్తి గల కళాశాల పాఠ్యప్రణాళికను తానే రూపొందించుకొని పరీక్షలను తానే జరుపుకొంటుంది. పట్టాను మాత్రం అనుబంధ విశ్వవిద్యాలయమే ఇస్తుంది.

రెండవ ప్రశ్న నాణ్యత. 1994లో ఏర్పడిన 'నాక్' సంస్థ కళాశాల మొత్తాన్ని పరిశీలించి విలువ కడుతుంది. ఎన్.బి.ఎ. అలా కాక ఒక్కొక్క కోర్సును విడివిడిగా పరిశీలిస్తుంది. ఈ భేదం తెలియకపోతే పొరపాటు జరుగుతుంది. ముఖద్వారం మీద ఎన్.బి.ఎ. గుర్తింపు అని రాసి ఉన్నా, అది మెకానికల్ శాఖకు మాత్రమే వచ్చినదైతే కంప్యూటర్ శాఖలో చేరే విద్యార్థికి దానివల్ల భరోసా లేదు. గుర్తింపుకు కాలపరిమితి కూడా ఉంటుంది. అందువల్ల అది ఏ సంవత్సరంలో వచ్చిందో, ఇంకా చెల్లుబాటులో ఉన్నదో లేదో చూడాలి. 2016 నుండి కేంద్రప్రభుత్వం ఎన్.ఐ.ఆర్.ఎఫ్. పేరుతో విద్యాసంస్థల ర్యాంకులను ప్రకటిస్తున్నది. ఆ ర్యాంకుల కన్నా, వాటికోసం కళాశాలలు సమర్పించిన వివరాలే కొన్నిసార్లు ఎక్కువ ఉపయోగపడతాయి.

మూడవ ప్రశ్న ఉద్యోగావకాశాలు. ప్రకటనలలో అంకెలు అబద్ధం చెప్పకపోయినా నిజాన్ని దాచగలవు. ఒక తరగతిలో పదిమందికి ఉద్యోగాలు వచ్చాయనుకొందాం. తొమ్మిదిమందికి ఏడాదికి 3 లక్షల రూపాయల చొప్పున, ఒక్కరికి 33 లక్షలు వేతనం లభించింది. సగటు 6 లక్షలు అవుతుంది. కాని ఆ తరగతిలో 6 లక్షలు పొందినవారు ఒక్కరూ లేరు. వేతనాలను వరుసగా పేర్చి మధ్యనున్నదాన్ని తీసుకొంటే 3 లక్షలని తేలుతుంది. దీనినే మధ్యస్థ వేతనం అంటారు. సగటు కన్నా ఇదే వాస్తవానికి దగ్గర. అలాగే 90 శాతం మందికి ఉద్యోగాలు అన్నప్పుడు ఎవరిలో 90 శాతమో అడగాలి. రెండువందల మందిలో వందమందినే ఎంపికకు అనుమతించి, వారిలో తొంభైమందికి ఉద్యోగాలు వస్తే, మొత్తం తరగతి దృష్ట్యా అది 45 శాతమే.

నాలుగవ ప్రశ్న ఖర్చు. బోధన రుసుమును మాత్రమే పోల్చి నిర్ణయించకూడదు. ఒక కళాశాలలో ఏడాదికి బోధన రుసుము 50 వేలు, వసతిగృహానికి 80 వేలు అనుకొందాం. ఇంటికి చేరువలో ఉన్న మరొక కళాశాలలో బోధన రుసుము 70 వేలు, బస్సుకు 25 వేలు. పైకి చవకగా కనిపించిన మొదటి దానిలోనే ఏడాదికి 35 వేలు, నాలుగేళ్ళకు 1 లక్షా 40 వేలు ఎక్కువ ఖర్చవుతుంది. బోధన రుసుము తిరిగి చెల్లించే ప్రభుత్వ పథకానికి అర్హత ఉన్నవారు, అది ఏ మేరకు వర్తిస్తుందో, మిగిలినది తాము ఎంత కట్టాలో ముందే తెలుసుకోవాలి. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను విద్యాసంస్థలు తమవద్ద ఉంచుకోరాదని 2018లో యు.జి.సి. స్పష్టం చేసింది. ఈ సంగతి తెలియక, కళాశాల మారదలచినా మారలేక నలిగిపోయే కుటుంబాలున్నాయి.

కాగితాలు చెప్పలేనిది కళ్ళు చెబుతాయి. సెలవుదినాన కాక, తరగతులు జరిగే రోజున కళాశాలను దర్శించాలి. ప్రయోగశాలలో పరికరాలు వాడుకలో ఉన్నవా, దుమ్ము పట్టి ఉన్నవా? గ్రంథాలయంలో పుస్తకాలు చేతులు మారుతున్నవా, బీరువాలలో బందీలుగా ఉన్నవా? వసతిగృహంలో భోజనం, నీరు, భద్రత ఎలా ఉన్నాయి? ర్యాగింగు నిరోధానికి 2009 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం కమిటీ ఉన్నదా? వీటికి సరైన సమాధానం చెప్పగలవారు కార్యాలయంలో కూర్చున్నవారు కారు, అక్కడ మూడో సంవత్సరం చదువుతున్న విద్యార్థులు. అధ్యాపకులు ఏటేటా మారిపోతున్నారా, నిలకడగా ఉన్నారా అన్నదీ వారికే తెలుస్తుంది.

ఇలా సేకరించిన సంగతులను ఒక పుస్తకంలో పట్టికగా రాసుకోవాలి. ఎడమవైపు కళాశాలల పేర్లు, పైన గుర్తింపు, అధ్యాపకులు, మధ్యస్థ వేతనం, మొత్తం ఖర్చు, దూరం, గత సంవత్సరపు చివరి ర్యాంకు అనే గడులు ఉంటే చాలు. ఏ గడి ఖాళీగా మిగిలిందో దాన్ని గురించి మళ్ళీ విచారించాలి.

ఈ పట్టిక విలువ దరఖాస్తు వేళ బయటపడుతుంది. ఇంజనీరింగు ప్రవేశాలలో గాని, తెలంగాణలో 2016లో మొదలైన 'దోస్త్' ద్వారా జరిగే డిగ్రీ ప్రవేశాలలో గాని విద్యార్థులు తమ ఐచ్ఛికాలను వరుసక్రమంలో నమోదు చేయాలి. తమ ర్యాంకుకు లేదా మార్కులకు అందే వాటిలో పై వరుసలో ఉన్నదే కేటాయింపవుతుంది. అంతగా ఇష్టంలేని కళాశాలను ముందు రాస్తే, దిగువనున్న మంచి కళాశాలలో సీటు వచ్చే అవకాశం ఉన్నా చేజారిపోతుంది. ఆ వరుసను మరెవరికో అప్పగించడం, రహస్య సంకేతపదాన్ని ఇతరులకు చెప్పడం తమ భవిష్యత్తును వారి చేతిలో పెట్టడమే. తల్లిదండ్రులతో కూర్చొని, పట్టికను ముందుంచుకొని, స్వయంగా నమోదు చేసుకోవడమే క్షేమం.

అందరికీ ఉత్తమమైన కళాశాల అంటూ ఒకటి ఉండదు. ఒకరికి ఇంటి చేరువ ముఖ్యం. మరొకరికి ప్రయోగశాల ముఖ్యం. ఇంకొకరికి అప్పు లేకుండా చదువు ముగించడమే ముఖ్యం. ఎవరి అవసరం ఏదో వారికి తెలిసినప్పుడే పోలిక ఫలిస్తుంది. చేరిన తరువాత విచారించడం కన్నా చేరే ముందు విచారించడం మేలు. అన్నివైపుల నుండి చూసి అడుగు వేసిన విద్యార్థి, తొలి తరగతిలో కాలు మోపకముందే ఒక పరీక్షలో ఉత్తీర్ణత సాధించినట్లే.