ఓర్కా మూగబోతే

ఓర్కాకు సొంత గొంతు లేదు. లినక్స్ కంప్యూటర్ తెర మీది రాతను చూపు లేనివారి కోసం ఏరి పంపడం వరకే దాని పని. పలికేది వేరే ప్రోగ్రామ్. సన్ మైక్రోసిస్టమ్స్‌లో మార్క్ ముల్కాహీ ఓర్కాకు తొలి రూపం ఇచ్చారు. ఆ తర్వాత విల్లీ వాకర్, జోన్మరీ డిగ్స్ ఏళ్ల తరబడి దాన్ని పెంచారు. 2006లో గ్నోమ్ 2.16తో ఆ డెస్క్‌టాప్‌కు స్క్రీన్ రీడర్ అయింది.

సాధారణంగా వినిపించే గొంతు ఈస్పీక్ ఎన్‌జీది. 1995లో జొనాథన్ డడింగ్టన్ ఏకార్న్ కంప్యూటర్ల కోసం రాసిన చిన్న ప్రోగ్రామ్ దాని మూలం. మనిషి చదివిన మాటలను రికార్డు చేసి అతికించే పద్ధతి కాదిది. నోట్లో ధ్వని ఎలా మారుమోగుతుందో లెక్కగట్టి శబ్దాన్ని పుట్టిస్తుంది. అందుకే కాస్త రేకు మోత. అయినా బాగా వేగం పెంచినా మాట స్పష్టంగానే ఉంటుంది, డిస్కులో కొద్దిపాటి చోటు చాలు, తెలుగూ పలుకుతుంది.

ఈ రెండింటికీ నడుమ, ఓర్కా ఇచ్చిన మాటను ఈస్పీక్‌కు చేరవేసే స్పీచ్ డిస్పాచర్ ఉంది. ఓర్కాను రాసింది పైథాన్‌లో కాబట్టి, డిస్పాచర్‌ను పలకరించాలంటే దానికి ‘స్పీచ్‌డీ’ అనే పైథాన్ మాడ్యూల్ కావాలి. పైథాన్ వెర్షన్ మారినప్పుడు మాడ్యూల్ పాత వెర్షన్ ఫోల్డర్‌లోనే ఉండిపోవచ్చు. ఓర్కాను సోర్సు నుంచి కట్టుకున్నవారు దీన్ని మరిచిపోనూ వచ్చు. అప్పుడు ఓర్కా ఆగిపోదు, గొంతు లేకుండానే నడుస్తుంది. బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవారి పని ఆగకూడదు కాబట్టి అలా రాయడం సరైనదే. కానీ చెవి మీదే ఆధారపడిన మనిషికి మిగిలేది నిశ్శబ్దం. లోపం ఏమిటో చెప్పే వాక్యం ఆయన చదవలేని చోట ఉండిపోతుంది. ఇది చిన్న లోటు కాదు. మాడ్యూల్ దొరకనప్పుడు ఓర్కాయే ఈస్పీక్‌ను నేరుగా పిలిచి ఆ ఒక్క సంగతీ చెప్పించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అంతవరకూ వెతుకులాట కింది నుంచి మొదలవ్వాలి. టెర్మినల్ తెరిచి, కీబోర్డు అలవాటు మీద ‘ఈస్పీక్-ఎన్‌జీ’ కమాండ్‌కు ఒక మాట ఇవ్వాలి. పలికితే స్పీకర్లూ గొంతూ బాగున్నట్టే. తర్వాత డిస్పాచర్ ద్వారా పలికించే ‘ఎస్పీడీ-సే’. అదీ పలికితే డిస్పాచర్ బతికే ఉంది, తెగింది ఆ పైనే. అప్పుడు పైథాన్‌తో స్పీచ్‌డీని ఇంపోర్ట్ చేయించి, వచ్చే ఎర్రర్‌ను తెర మీదికి పోనివ్వకుండా, ముందు ‘2>&1’ చేర్చిన పైపు గుర్తుతో ఈస్పీక్‌కే మళ్లించాలి. ఆ పేరుతో మాడ్యూల్ లేదని ఇంగ్లీషులో చదివి వినిపిస్తుంది. ఏమీ వినపడకపోతే మాడ్యూల్ ఉన్నట్టే, లోపం ఓర్కా సెట్టింగుల్లో వెతకాలి.

ఈ మాడ్యూల్ స్పీచ్ డిస్పాచర్ సోర్సులోనే భాగం. కాబట్టి డిస్పాచర్ వచ్చిన చోటి నుంచే, అదే వెర్షన్‌ది తెచ్చుకోవడం మేలు. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ పేరు ‘పైథాన్3-స్పీచ్‌డీ’. అది ఎక్కాక ‘రీప్లేస్’ ఆప్షన్‌తో ఓర్కాను మళ్లీ నడిపితే చాలు, కంప్యూటర్ ఆపి వేయనక్కర్లేదు.