రెండు పరాజయములు

ఇంగ్లండులోని కెంటు మండలమున డార్ట్‌ఫర్డు పారిశ్రామిక నియోజకవర్గము. ఆనాడు లేబరు పార్టీకి పెట్టనికోట. 1950లో అక్కడ కన్సర్వేటివు పక్షమున నిలిచినది మార్గరెట్ రాబర్ట్స్, ఇరువది నాలుగేండ్ల రసాయన పరిశోధకురాలు. ఆ యెన్నికలలో స్త్రీ అభ్యర్థులందరిలో ఆమెయే పిన్న. పగలు ఉద్యోగము, సాయంకాలము ప్రచారము. అయినను నార్మన్ డాడ్స్ 13,638 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. 1951లో మరల అదే స్థానము, అదే ప్రత్యర్థి, అదే ఫలితము. కాని ఆమె ఓట్లు 24,490 నుండి 27,760కి పెరిగెను.

పార్లమెంటులో అడుగిడుటకు మరి యెనిమిదేండ్లు పట్టెను. 1959లో ఫించ్లీ ఓటర్లు ఆమెను గెలిపించిరి. 1979లో ప్రధానమంత్రి యైన మార్గరెట్ థాచర్ ఈమెయే.

ఆమె విధానములను మెచ్చనివారు పెక్కురు. అది వేరు మాట. గెలుపు దుర్లభమని యెరిగిన చోటనే రెండవమారు నిలుచుటకు గుండె కావలెను. పరీక్ష తప్పి తలవంచుకొన్న విద్యార్థికి ఉపాధ్యాయుడు చెప్పదగిన కథ యిది.