శనివారపు శక్తిమాన్

1997 సెప్టెంబరు 13, శనివారం నాడు దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’ ఆరంభమైంది. బళ్లారి వైపు మా తెలుగు పిల్లలకు ఒంటిపూట బడి విడిచే వేళ అది. సంచులతోనే టీవీ గల ఇంటికి పరుగు. హిందీ రాకున్నను పంచభూతాలు, యోగము, కుండలిని వంటి మాటలు పెద్దల నోట విన్నవే గనుక కథ బోధపడేది. ముఖేశ్ ఖన్నా పోషించిన అమాయక గంగాధరుడు గిరగిర తిరిగి వీరుడయ్యేవాడు. మేమూ తిరిగి వాకిట కూలబడేవారము.

ఆపదలో అతడే వచ్చి కాపాడునని నమ్మి కొందరు పిల్లలు గాయపడిరన్న వార్తలు వెలువడగా, అనుకరించవద్దని ఖన్నాయే తెరపై హెచ్చరించవలసి వచ్చింది. మా అమ్మ మిద్దె మెట్లకు తాళము వేసింది.

తరువాత ఆదివారానికి మారిన ఆ ధారావాహిక 2005లో ముగిసింది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, మరల ప్రసారమైనప్పుడు మా పిల్లలు నవ్విరి. మేము కదలక చూచితిమి.