మందు, మత్తుమందు

తెలుగులో 'మందు' అన్న మాట చాలా ఉదారమైనది. డాక్టరు రాసిచ్చేదీ మందే, దుకాణంలో సీసాలో పోసేదీ మందే, మతాబాల్లో కూరేదీ మందే. తెలుగు పాఠాలు చెప్పుకొనే వాణ్ణి గనుక మాట దగ్గర మొదలుపెట్టాను గాని, చెప్పబోయేది భాష సంగతి కాదు. మొగవాళ్ళను ప్రేమించే మొగపిల్లల సంగతి, వాళ్ళలో కొందరికి పట్టుకుంటున్న మత్తుమందుల సంగతి. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇదేమిటండీ అంటారేమో! ఆ ఇంటిల్లిపాదిలో ఆ కుర్రవాడూ ఒకడు కావచ్చును గదా.

ఇష్టపడిన ఇద్దరు వయసొచ్చినవాళ్ళ మధ్య ఈ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. 2009లో ఢిల్లీ హైకోర్టు అన్నదీ అదే. 2013లో ఆ తీర్పును కొట్టేసిన సుప్రీంకోర్టే ఐదేళ్ళకు తన మాట తాను దిద్దుకుంది. సరే, తీర్పు వీధిగుమ్మం దాకా వస్తుంది. వంటింట్లోకి రావడానికి ఇంకా చాలాకాలం పట్టేటట్టుంది.

ఒక సంక్రాంతికి మా ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కుతూంటే, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అబ్బాయి పలకరించాడు. హైదరాబాదులో ఉద్యోగం. గౌతమి దాటి కోటిపల్లి ఒడ్డు చేరేలోగా సగం చెప్పాడు. మిగతా సగం దిగాక చెట్టు కింద.

"మాస్టారూ, డాక్టరుకు చెబితే పోలీసులకు చెప్పేస్తాడాండీ?" అన్నది మొదటి ప్రశ్న.

తనలాంటివాళ్ళు నలుగురు చేరిన గదిలో 'ఐస్' అనే మెథాంఫెటమిన్ పొగ పీల్చాడట. ఒక రాత్రి అనుకున్నది రెండు రాత్రులైంది. కండోమ్ వాడాడో లేదో జ్ఞాపకం లేదు. అప్పటికి తొమ్మిది రోజులు.

"ఎందుకురా నీకా పని?" అన్నాను.

"ఆ రెండు రాత్రులూ నా మీద నాకు అసహ్యం వెయ్యలేదండి" అన్నాడు.

మా ఊరి స్వామి క్షణ ముక్తేశ్వరుడు. క్షణంలో ముక్తినిస్తాడని ప్రతీతి. మత్తుమందు అమ్మేవాడూ ఆ మాటే చెప్పి అమ్ముతాడు కాబోలు.

ఈ 'ఐస్' చేసే పని ఏమంటే, ఆకలినీ నిద్రనూ భయాన్నీ ఒకేసారి పోగొడుతుంది. భయంతోపాటు జాగ్రత్తా పోతుంది. గంటల తరబడి సాగే కలయికలో ఒళ్ళు ఒరుసుకుపోయి రోగానికి దారి తేలికవుతుంది. హెచ్.ఐ.వి. ఉన్నవాడు వేళకు మాత్ర వేసుకోవడం మరచిపోతాడు. ఒకే సూది నలుగురి చేతులు మారితే హెపటైటిస్ సి కూడా వస్తుంది. జి.హెచ్.బి. అని మరొకటుంది: మద్యంతో కలిస్తే ఊపిరే ఆగిపోవచ్చు. లండన్ మొదలైన నగరాల్లో ఈ బాపతు వ్యవహారానికి 'కెమ్‌సెక్స్' అని పేరే స్థిరపడింది.

ఇక వెనకటివాళ్ళు సెగరోగం, సవాయిరోగం అన్నవి ఉండనే ఉన్నాయి. వీటికి 'సుఖవ్యాధులు' అని పేరు పెట్టినవాడెవడో గాని, రోగాన్ని శిక్షగా మార్చేశాడు. సవాయి పెన్సిలిన్ సూదిమందుతో నయమవుతుంది. హెపటైటిస్ సి మాత్రలతోనే పోతుంది. హెచ్.ఐ.వి. పోదు గాని, మాత్రలు మానకుండా వాడి రక్తంలో క్రిమి కనబడనంతగా అణిగితే, కలయిక వల్ల మరొకరికి అంటదు. 2019లో వెలువడిన ఒక యూరపు పరిశోధనలో 782 స్వలింగ జంటలను గమనిస్తే, అలా మందు వాడుతున్న వ్యక్తి నుంచి జంటలోని రెండోవారికి అంటిన సందర్భం ఒక్కటీ లేదు. ఈ మందులు 2004 నుంచి మన సర్కారు ఉచితంగా ఇస్తోంది. మా అబ్బాయి మత్తు దొరికించుకున్న హైదరాబాదులోనే, దేశదేశాలకు పోయే హెచ్.ఐ.వి. మందులు తయారుచేసే కంపెనీలున్నాయి!

ప్రమాదం జరిగిన 72 గంటల లోపల డాక్టరును కలిస్తే, 28 రోజులు మందు వాడి హెచ్.ఐ.వి.ని చాలావరకు అడ్డుకోవచ్చు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. ముందుగానే వాడుకునే మాత్రలూ ఉన్నాయి. వాటికి డాక్టరు సలహా, పరీక్ష తప్పవు, సెగనూ సవాయినీ అవి ఆపవు. మా వాడు పోలీసుల భయంతో తొమ్మిది రోజులు పోగొట్టుకున్నాడు. నిజానికి మత్తుకు అలవాటుపడినవాడు తనంతట తానుగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వస్తే, వాడుక నేరానికి శిక్ష తప్పించే వీలు ఆ చట్టంలోనే, 64ఎ సెక్షనులో ఉంది. హెచ్.ఐ.వి. సంగతి రోగి ఒప్పుదల లేకుండా బయటపెట్టరాదని 2017 చట్టం. హెచ్.ఐ.వి. గురించి 1097కు, మత్తు మాన్పించే సలహాకు 14446కు ఫోను చెయ్యవచ్చు. పైసా ఖర్చు లేదు.

ఇవన్నీ నేను ఆ తర్వాత డాక్టరు మిత్రుణ్ణి అడిగి తెలుసుకున్నవి. ఆ పూట చెట్టు కింద నాకు తోచింది ఒక్కటే: "పద, నేనూ వస్తాను" అన్నాను. అమలాపురం దగ్గరే గాని, అక్కడ వాళ్ళ చిన్నాన్నగారికి మందుల దుకాణం ఉందట. కాకినాడ వెళ్ళాం. డాక్టరు ముందు రెండు సంగతులూ చెప్పాడు, మత్తూ, మనిషీ. ఒకటి దాచి ఒకటి చెబితే డాక్టరుకు మాత్రం ఏం తెలుస్తుంది? ఆ పరీక్షలో ఏం తేలిందో రాయను. మూడు నెలలకు మళ్ళీ చేయించుకోమన్నారు. ఆ రెండోసారి వాళ్ళ అమ్మగారు తోడు వెళ్ళారు, పంటు మీదనే.