ఇంటి తైలం ఊరు దాటాలంటే...

పండుగనాడు నలుగు పెట్టుకొని తలంటు పోసుకోవడం, శిరోజాలకు గుంటగలగర తైలం రాసుకోవడం మన తెలుగు ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారాలు. వీటిని శ్రద్ధగా తయారుచేయగల గృహిణులు నేటికీ ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఇరుగుపొరుగువారు అడిగి తీసుకువెళ్లడంతో మొదలై, నలుగురైదుగురికి ఉపాధి చూపే చిన్న పరిశ్రమగా ఎదిగిన ఇళ్లూ లేకపోలేదు. ఇప్పుడు చేతిలోని ఫోను ద్వారానే దూరప్రాంతాలవారికి సరుకు చూపి అమ్ముకునే సౌకర్యం కలిగింది. అయితే ఒక్క విషయం మరువరాదు. ప్రకటన చూసి కొనుగోలుదారు ఒకసారి వస్తాడు. రెండవసారి రావడం మాత్రం ఆ సీసా నింపిన చేతిపై ఆధారపడి ఉంటుంది.

ఔషధానికి ప్రచారం తోడుకావడం మనకు కొత్త కాదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత సభలలో దానిని ఉచితంగా పంచి జనానికి పరిచయం చేశారు. ఆ రాబడితోనే 1908లో ఆంధ్రపత్రికను నెలకొల్పారు. వాడి చూసినవారికి గుణం కనిపించింది కనుకనే ఆ చిన్న డబ్బా ఇంటింటికీ చేరింది. నేటి ఫోను ప్రచారానికీ ఇదే మూలసూత్రం.

ముందుగా అనుమతులు

ఇంట్లో చేసుకొని ఇంట్లో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అమ్మకానికి తయారుచేయడం వేరు. ఆయుర్వేద ఔషధమని పేరు పెట్టి అమ్మే తైలానికి, చూర్ణానికి 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం రాష్ట్ర ఆయుష్ అధికారుల నుండి లైసెన్సు పొందాలి. సౌందర్య సాధనంగా అమ్మే నలుగు పిండికి 2020 నాటి సౌందర్య సాధనాల నియమాలు వర్తిస్తాయి. శొంఠి పొడి, కరివేపాకు పొడి వంటి ఆహార పదార్థాలకు ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. స్వంతంగా తయారీ కేంద్రం కట్టే స్తోమత లేనివారు, లైసెన్సు ఉన్న మరొకరి కేంద్రంలో తమ ఔషధాన్ని తయారుచేయించుకునే లోన్ లైసెన్సు పద్ధతిని పరిశీలించవచ్చు. సరుకును ఇతర రాష్ట్రాలకు పంపదలచినవారు జీఎస్టీ విషయం ముందుగానే ఆడిటరుతో మాట్లాడుకోవడం మంచిది.

ఫోనులో అంగడి

వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల పట్టిక పెట్టుకోవడానికి ఖర్చు లేదు. పగటి వెలుతురులో తీసిన స్పష్టమైన ఛాయాచిత్రం, నికర తూకం, ధర, తయారీ తేదీ, పోస్టు ఖర్చు, ఎన్ని రోజులలో చేరుతుందన్న వివరం ఆ పట్టికలో ఉండాలి. ఆకు ఏరడం, నీడన ఆరబెట్టడం, చూర్ణాన్ని వస్త్రగాళితం పట్టడం వంటి పనులను అర నిమిషం వీడియోగా చూపితే, ఎంత వర్ణించినా కలగని నమ్మకం కలుగుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో చిరునామా నమోదు చేసుకుంటే దగ్గరివారు వెతుక్కుంటూ వస్తారు. అడగనివారికి ప్రతిరోజూ సందేశాలు పంపితే మాత్రం విసుగే మిగులుతుంది.

మాటలలో సంయమనం మరీ ముఖ్యం. మధుమేహం, క్యాన్సర్, హృద్రోగం, రక్తపోటు, స్థూలకాయం వంటి వ్యాధులను నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. డబ్బిచ్చి పొగడ్తలు రాయించుకోవడమూ ఈ కోవలోనిదే. బట్టతలపై నెలలో జుట్టు మొలిపిస్తామని చెప్పి వంద సీసాలు అమ్మడంకంటే, ఏ ఆకులతో ఎలా కాచామో చెప్పి పది సీసాలు అమ్మడం మేలు.

పనివారికి నాలుగు గుణాలు

చికిత్సకు వైద్యుడు, ఔషధం, ఉపచారకుడు, రోగి అనే నాలుగు పాదాలు ఉన్నాయని చరకసంహిత చెబుతున్నది. వీరిలో ఉపచారకునికి ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం అనే నాలుగు గుణాలు ఉండాలి. రోగి సేవకై చెప్పిన ఈ నాలుగూ నేటి చిన్న పరిశ్రమలో పనివారి శిక్షణకు చక్కగా సరిపోతాయి.

ఉపచారజ్ఞత అంటే పని తెలిసి ఉండడం. తైలం కాచేటప్పుడు కల్కాన్ని వేళ్లతో నలిపితే వత్తిలా రావాలి. ఆ వత్తిని నిప్పుపై వేస్తే చిటపట శబ్దం రాకూడదు. తైలంపై నురుగు లేచినప్పుడు పాకం సిద్ధమైనట్లు గ్రహించాలి. శబ్దం వచ్చిందంటే ఇంకా తేమ మిగిలి ఉన్నదన్నమాట. అటువంటి తైలం త్వరగా చెడుతుంది. ఈ పరీక్షను నోటిమాటగా చెబితే చాలదు. కొత్తగా చేరినవారిని పక్కన నిలబెట్టుకొని మూడు నాలుగు పాకాలు చూపించి, తరువాత వారిచేత చేయించాలి.

దాక్ష్యం అంటే నేర్పు. వంద గ్రాములని ముద్రించిన పొట్లంలో తొంభై ఐదు ఉంటే అది చట్టరీత్యా నేరం, ధర్మరీత్యా దోషం. తూకపు యంత్రాన్ని ఉదయమే సరిచూసుకోవడం, వేడి పూర్తిగా తగ్గిన పిమ్మటే చూర్ణాన్ని పొట్లం కట్టడం, మూత బిగించిన సీసాను కాసేపు తలకిందులుగా ఉంచి కారడం లేదని నిర్ధారించుకోవడం అలవాటు కావాలి. వేడిమీద కట్టిన పొడి లోపల చెమర్చి ఉండకడుతుంది. ప్రతి విడతకూ ఒక నెంబరు వేసి, ఎవరు చేశారో, ఏనాడు చేశారో పుస్తకంలో రాయించాలి. ఒక సీసాపై ఫిర్యాదు వస్తే ఆ విడత సరుకంతా వెంటనే వెనక్కు పిలిపించడానికి ఈ పుస్తకమే ఆధారం.

అనురాగం కొనుగోలుదారుకు ఇచ్చే సమాధానంలో కనబడుతుంది. కొత్తగా తైలం వాడేవారిని మొదట మోచేతి లోపలివైపు కొద్దిగా రాసుకొని ఒక రోజు చూడమని చెప్పాలి. గర్భిణుల గురించి, పసిపిల్లల గురించి, మానని పుండ్ల గురించి అడిగినప్పుడు తోచిన వైద్యం చెప్పక, వైద్యుని వద్దకు పంపించాలి. ఫోను తీసే అమ్మాయికి అన్నింటికన్నా ముందుగా నేర్పవలసిన పాఠం ఇదే.

శౌచం గురించి వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాం. కాని లోపం తరచుగా ఇక్కడే జరుగుతుంది. గోళ్లు కత్తిరించుకోవడం, తలకు గుడ్డ కట్టుకోవడం, తడి చేతులతో పొడి ముట్టుకోకపోవడం, జ్వరం లేదా చేతికి పుండు ఉన్ననాడు తయారీ పనికి దూరంగా ఉండడం నియమాలుగా పెట్టాలి. అలా దూరంగా ఉన్ననాటి కూలి కోస్తే ఎవరూ నిజం చెప్పరు. కనుక ఆ రోజుకు కూలి ఇవ్వాలి, లేదా చిరునామాలు రాసే పని అప్పగించాలి.

అసలు పరీక్ష

ఒక ఇంట్లో వారానికి నలభై సీసాలు తయారవుతాయనుకుందాం. ఒక వీడియో నలుగురి కంటా పడి, దీపావళి ముందు మూడు వందల సీసాలు కావాలని సందేశాలు వస్తాయి. డబ్బు ముందే జమ అవుతుంది. అప్పుడు మంట పెంచి తొందరగా కాచాలని, ఆరని ఆకే వేయాలని, కొత్తవారిని శిక్షణ లేకుండానే కూర్చోబెట్టాలని బుద్ధి పుడుతుంది. పదేళ్ల పేరు పదిరోజులలో పోయేది ఇక్కడే. ‘ఈ వారం నలభై మాత్రమే పంపగలం, మీ వంతు ఫలానా తేదీన వస్తుంది’ అని పట్టికపై రాసి పెట్టినవారు కొన్ని ఆర్డర్లు పోగొట్టుకోవచ్చు, కాని పేరు నిలుపుకుంటారు.

చూర్ణాలు రెండు మాసాలకు వీర్యహీనమవుతాయని శార్ఙ్గధర సంహిత చెప్పింది. నేటి నియమాలు అంతకంటే ఎక్కువ గడువే ఇచ్చినా, చిన్న విడతలుగా చేసి తాజాగా పంపడమే చిన్న పరిశ్రమకు పెద్ద బలం. పెద్ద కంపెనీలకు అది అంత సులువు కాదు.

కనుక ఈ పనికి పూనుకునే సోదరీమణులు ప్రకటనకు ఖర్చుపెట్టే ప్రతి రూపాయికీ ముందు, పనివారికి నేర్పడానికి ఒక గంట కేటాయించుకోవాలి. వారానికి ఒక పూట అందరూ కలిసి కూర్చొని, ఆ వారం వచ్చిన ఫిర్యాదులు చదువుకొని, కారణం వెతకాలి. తప్పు చేసినవారిని నలుగురిలో నిందించక, పని తీరును సరిదిద్దాలి. తైలం గుణం వాడినవారి నోట వెల్లడైతే, అంతకుమించిన ప్రకటన వేరొకటి అక్కరలేదు.