డేగకు దక్షిణపు దారి చూపినదెవరు?



యోబు గ్రంథం 39వ అధ్యాయం 26వ వచనంలో దేవుడు యోబును ఒక ప్రశ్న అడిగాడు. డేగ దక్షిణ దిక్కుకు రెక్కలు చాచి ఎగరడం నీ తెలివివల్లనా అని! యోబు దగ్గర జవాబు లేదు. మన దగ్గర ఉందా? అమూర్ ఫాల్కన్ అనే ఒక చిన్న డేగను చూడండి.

అది పావుకిలో కూడా తూగదు. సైబీరియా తూర్పు ప్రాంతాల్లో, ఉత్తర చైనాలో గూడు పెడుతుంది. చలి మొదలు కాగానే బయలుదేరి, అక్టోబరు, నవంబరు నెలల్లో మన ఈశాన్య రాష్ట్రాల్లో దిగి, ఉసిళ్ళను కడుపునిండా తిని కొవ్వు పట్టిస్తుంది. ఆ పైన మన దేశం దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా దక్షిణ భాగానికి వెళ్తుంది. సముద్రం మీద వాలడానికి కొమ్మ లేదు, తాగడానికి మంచినీళ్ళు లేవు. రాత్రింబగళ్ళు ఎగరవలసిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే ఈశాన్యపు గాలి వీచి దాన్ని వెనుకనుండి తోస్తుంది. ఆ ఏడు పుట్టిన పిల్లలు కూడా కొన్ని నెలల వయసుకే ఈ ప్రయాణం చేస్తాయి. ఇదంతా దానంతటదే కుదిరిందని చెప్పేవారున్నారు. ఐదవ దినమున పక్షులను కలుగజేసినవాడే ఈ దారిని వాటిలో ఉంచాడని మనం నమ్ముతున్నాం.

అయితే ప్రియులారా, నమ్మినవారు ఏమి చేశారో కూడా వినండి. నాగాలాండ్‌లో అధిక సంఖ్యాకులు క్రైస్తవులే. అక్కడి దోయాంగ్ జలాశయం దగ్గర 2012లో ఈ పక్షులను చేపల వలలు కట్టి వేలకు వేలుగా పట్టి, ఈకలు పీకి అమ్మారు. సృష్టికర్తను ఆదివారం స్తుతించే చేతులే ఆ వలలు కట్టాయంటే మనకు బాధగా ఉండదా? ఆ చిత్రాలు బయటికి వచ్చాక గ్రామపెద్దలు, సంఘాలు, అధికారులు కలిసి కూర్చున్నారు. పాంగ్తి మొదలైన గ్రామాలు వేటను నిషేధించాయి. 2013లో ఆ వలలు లేవలేదు. ఆ నవంబరులోనే శాస్త్రజ్ఞులు మూడు పక్షులకు చిన్న యంత్రాలు కట్టి వదిలితే, అవి బంగాళాఖాతం దాటి మన ఆంధ్ర దేశం మీదుగా ఆఫ్రికా చేరాయి. ఒకదానికి పాంగ్తి అనే పేరే పెట్టారు.

మాంసం తినడానికి దేవుడు నోవహుకు సెలవిచ్చాడు గదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని అదే దేవుడు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 6, 7 వచనాల్లో, గూటిలో పిల్లలతో ఉన్న తల్లి పక్షిని పట్టుకోవద్దన్నాడు. సెలవుకు ఒక హద్దు ఉంది.

నాగాలాండ్ దూరమే. మన ఊళ్ళ సంగతేమిటి? చెరువుల దగ్గర ఉచ్చులు పన్ని పట్టిన కొంగలను, నీటికోళ్ళను రోడ్డు పక్కన అమ్ముతుంటే విశ్వాసులే బేరమాడి కొంటారు. పంజరంలో రామచిలుక ఉన్న విశ్వాసుల ఇళ్ళు ఎన్ని లేవు! అది చట్టవిరుద్ధమని చాలామందికి తెలియదు. ఆకాశపక్షులను చూడమని ప్రభువు చెప్పినప్పుడు, మత్తయి 6:26లో, ఆయన మనస్సులో ఉన్నది పంజరం కాదు గదా. ఈ వారం మీ పిల్లలను తెల్లవారుజామున చెరువుగట్టుకు తీసుకువెళ్ళండి. ఉండేలు ఇంటి దగ్గరే వదిలి రమ్మనండి. ఎన్ని రకాల పక్షులు కనబడ్డాయో ఒక కాగితం మీద రాయించండి.