చుక్కలే చిరునామా

2024 ఏప్రిల్ 28 తెల్లవారుజామున శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దగ్గర, గొల్లపల్లి వైపు, ఒక చిరుతపులి గస్తీ సిబ్బంది కంటబడింది. విమానాలు దిగే చోట పులి ఏమిటని అందరం ఆశ్చర్యపోయాం. కాని ఆలోచిస్తే అది అంత వింత కాదు. 2008లో మొదలైన ఆ విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో ఉంది. అంత చోటులో గడ్డీ పొదలూ ఉంటాయి, చుట్టుపక్కల రాళ్లగుట్టలున్నాయి. చిరుతకు మహారణ్యమే ఉండాలన్న నియమం లేదు. కుందేలు దొరికినా, ఊరకుక్క దొరికినా దాని పూట గడుస్తుంది.

అటవీశాఖవారు తుపాకులతో వెంటపడలేదు. ఇరవై వరకు కెమెరాలు, ఐదు బోనులు పెట్టి, మేకను ఎరగా కట్టి కాచుకున్నారు. కెమెరాలకు చిక్కుతూ, బోనుకు మాత్రం చిక్కకుండా ఐదారు రోజులు తిరిగిన ఆ చిరుత మే మొదటి వారంలో దొరికింది. జంతుప్రదర్శనశాలలో పరీక్షించి నల్లమలకు తరలించారు. పత్రికల్లో కథ అక్కడితో ముగిసింది.

మాకు ఆ కెమెరాల సంగతే ఎక్కువ ఆసక్తి కలిగించింది. వాటిని నొక్కే మనిషి ఉండడు. వెచ్చని ప్రాణి ఏదైనా ఎదుటికి కదిలితే అవే ఫోటో తీసుకుంటాయి. చిరుతలను లెక్కించాలంటే బాటకు రెండువైపులా ఒక్కొక్క కెమెరా పెడతారు. ఎందుకంటే చిరుత కుడిపక్క మచ్చలు ఎడమపక్కలా ఉండవు. ఒక చిరుత మచ్చలు మరో చిరుతకు రావు. మన వేలిముద్రల్లాగే అన్నమాట. ఏ చిరుత ఏ రాత్రి ఏ గట్టు దాటిందో ఆ మచ్చలే చెబుతాయి.

ఇదే ఉపాయం సముద్రంలోనూ పనికొస్తోంది. చేపలన్నిటిలోకి పెద్దదైన తిమింగల సొరకు వీపంతా తెల్లని చుక్కలుంటాయి. చూడ్డానికి భయంకరమే గాని, అది తినేది సముద్రంలో తేలే సూక్ష్మజీవులనూ చిన్న చేపలనూ. 2001 నుండి మన దేశంలో దాన్ని పట్టడం నేరం. ప్రపంచంలో అంతరించే ప్రమాదమున్న జాబితాలో 2016లో చేరింది. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో ఒక సొర వలలో పడితే, జాలరులూ అటవీశాఖవారూ కలిసి దాన్ని లోతు నీటిలోకి నెట్టి బ్రతికించారు. గుర్తుపట్టడానికి దాని ఫోటోలను మాల్దీవుల పరిశోధకులకు పంపారు. ఆ చుక్కలను పోల్చే లెక్క మొదట ఆకాశంలో నక్షత్రాలను పోల్చడానికి ఖగోళ శాస్త్రజ్ఞులు తయారుచేసుకున్నది!

ఫోటోకు దొరకని ప్రయాణాన్ని ఉపగ్రహం చెబుతుంది. సొర రెక్కకు చిన్న యంత్రం తగిలిస్తారు. నీటిలో ఉన్నంతసేపు అది మూగది; పైకి తేలినప్పుడే ఉపగ్రహానికి కబురు పంపుతుంది. గుజరాత్ తీరంలో 2011లో ఈ పని మొదలుపెట్టారు. అక్కడ వల కోసి సొరను వదిలిన జాలరికి నష్టపరిహారం ఇస్తారు, ఋజువుకు ఫోటో తీయమని జాలరులకే కెమెరాలు ఇచ్చారు. ఇది మాకు బాగా నచ్చింది. వల అంటే ఆ ఇంటి అన్నం. దాన్ని కోయమని ఊరికే ఉపదేశిస్తే ఎవరు వింటారు?

మళ్లీ చిరుత దగ్గరకు వద్దాం. పట్టి దూరాన వదిలితే సమస్య తీరినట్లేనా? 2009లో మహారాష్ట్రలో బావిలో పడిన ఒక చిరుతకు మెడపట్టీ యంత్రం కట్టి మాల్షేజ్ కనుమ దగ్గర వదిలారు. దానికి ఆజోబా, అంటే తాతయ్య, అని పేరు. అది పొలాలూ రైలుపట్టాలూ దాటి సుమారు 120 కిలోమీటర్లు నడిచి ముంబయి ప్రక్కనున్న అడవికి చేరింది. మెడపట్టీ లేకుంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. వదిలినచోటే ఉంటుందని మనం అనుకుంటాం, చిరుత అనుకోదు.

2020 మే నెలలో మైలార్‌దేవ్‌పల్లిలో రోడ్డు మీద ఒక చిరుత కనిపించింది. ఆ అక్టోబరులో రాజేంద్రనగర్‌లో ఒకటి బోనులో పడింది. 2024లో శంషాబాద్. ఇవన్నీ నగరానికి ఒకే దిక్కున ఉన్నాయి. ఇంకొకటి రాదని చెప్పలేం. వస్తే గుంపుగా చేరి రాళ్లు రువ్వకుండా, పిల్లలనూ పశువులనూ లోపల ఉంచుకుని అటవీశాఖకు తెలియజేయాలి. మేక పోయినవారు ఏ రోజు, ఏ చోట పోయిందో చెప్పి పరిహారం అడగాలి. కెమెరాను ఎక్కడ కట్టాలో అధికారులకు తెలిసేది ఆ మాటవల్లనే.